నిలిపి ఉంచిన వాహనంలో డాష్ కెమెరాకు విద్యుత్ సరఫరా: పాటించవలసిన పద్ధతులు, జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

వాహనం ముందు అద్దం వెనుక అమర్చే చిన్న కెమెరా రోడ్డుపై జరిగే సంఘటనలకు నోరులేని సాక్షిగా నిలుస్తున్న విషయం విదితమే. డాష్ కెమెరాగా వ్యవహరించే ఈ పరికరం వినియోగం సొంత కార్లతో పాటు ట్యాక్సీలు, బస్సులు, లారీలు, కార్యాలయ వాహనాలకు కూడా విస్తరించింది. అయితే వాహనం నడుస్తున్నంత సేపు పనిచేసే కెమెరా, వాహనాన్ని నిలిపి తాళం తీసిన మరుక్షణమే ఆగిపోతుందన్న సంగతి చాలామంది యజమానులకు అవసరం పడేవరకు తెలియదు. పార్కింగ్ స్థలంలో మరో వాహనం ఢీకొని వెళ్ళిపోయినపుడు, రాత్రివేళ ఎవరో అద్దాలు పగలగొట్టినపుడు మెమరీ కార్డులో వెదికితే, యజమాని ఇంటి ముందు ఇంజిన్ ఆపిన దృశ్యమే చివరిదిగా కనబడుతుంది.

ఇందుకు విరుగుడుగా కొందరు కెమెరాను ఇరవైనాలుగు గంటలూ బ్యాటరీకి నేరుగా కలుపుతున్నారు. ఫలితంగా మరో ఇబ్బంది ఎదురవుతున్నది. అర్ధరాత్రి ఇంట్లో పెద్దవారికి ఆయాసం వచ్చి ఆసుపత్రికి బయలుదేరవలసిన సమయంలో బ్యాటరీ దిగిపోయి ఇంజిన్ స్టార్ట్ కాకపోతే, కెమెరా వల్ల కలిగిన రక్షణ కన్నా నష్టమే ఎక్కువ. సాక్ష్యమూ దక్కాలి, వాహనమూ కదలాలి. ఈ రెండింటికీ సమన్వయం కుదర్చడమే ఈ అంశంలోని అసలు సమస్య. సాంకేతిక పరిజ్ఞానం లేనివారికి కూడా అర్థమయ్యే కొద్దిపాటి లెక్కతో దీనిని పరిష్కరించుకోవచ్చు.

సాక్ష్యం విలువ

నిలిపి ఉంచిన వాహనంలోని కెమెరా ఆ వాహనానికి మాత్రమే కాపలా కాదు. తన ఎదుట ఉన్న వీధికి కూడా అది సాక్షి. పాదచారిని ఢీకొని ఆగకుండా వెళ్ళిపోయిన వాహనం జాడ తెలియనపుడు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం ప్రకారం మృతుని కుటుంబానికి 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడిన వారికి 50 వేల రూపాయలు పరిహారంగా లభిస్తాయి. అదే వాహనం నంబరు తెలిస్తే ఆ కుటుంబం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి, మృతుని వయస్సు, సంపాదన, ఆధారపడినవారి సంఖ్య ప్రాతిపదికన పరిహారం కోరవచ్చు. వీధి పక్కన నిలిపిన ఏదో ఒక కారులోని కెమెరా ఆ క్షణంలో పనిచేస్తున్నదా, లేదా అన్నదానిపై ఒక కుటుంబ భవిష్యత్తు ఆధారపడే సందర్భాలు ఉండవచ్చునని దీనిని బట్టి గ్రహించవచ్చు.

కెమెరా ఎందుకు ఆగిపోతుంది?

డాష్ కెమెరాను సాధారణంగా సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి నడుపుతారు. అనేక కార్లలో తాళం తీయగానే ఈ సాకెట్‌కు సరఫరా నిలిచిపోతుంది. బ్యాటరీ వృథాగా ఖర్చు కాకుండా తయారీదారులు చేసిన ఏర్పాటు ఇది. కొన్ని కార్లలో మాత్రం తాళం తీసినా సాకెట్‌లో సరఫరా ఉంటుంది. ఇంజిన్ ఆపి, తాళం తీసిన తరువాత సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూస్తే తమ వాహనం ఏ కోవకు చెందినదో యజమానులు తెలుసుకోవచ్చు.

కెమెరా లోపల ఉండే చిన్న బ్యాటరీ రాత్రంతా కాపలా కాస్తుందని పలువురు భావించడం పొరపాటు. సరఫరా ఆగినపుడు చివరి దృశ్యాన్ని కార్డులో భద్రపరచడానికి మాత్రమే అది ఉద్దేశించబడింది. కొన్ని కెమెరాలలో అది కొద్ది నిమిషాలు పనిచేస్తుంది. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ ఉన్న కెమెరాలలో ఆ వ్యవధి కొన్ని సెకన్లు మాత్రమే.

బ్యాటరీ లెక్క

కార్లలో వాడే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. పూర్తిగా ఛార్జి అయి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.4 వోల్టుల వద్ద దాదాపు నాలుగింట మూడు వంతులు, 12.2 వోల్టుల వద్ద సగం, 12 వోల్టుల వద్ద నాలుగో వంతు మాత్రమే నిల్వ మిగిలి ఉన్నట్లు భావించాలి. ఇంజిన్ నడుస్తున్నపుడు ఆల్టర్నేటర్, అనగా వాడుకలో డైనమో, 13.5 నుంచి 14.5 వోల్టులతో బ్యాటరీని నింపుతుంది. ఇంజిన్ ఆపిన వెంటనే మీటరు 12.8 కన్నా ఎక్కువ చూపినా అది పైపై ఛార్జి మాత్రమే కావున, దానిని చూసి బ్యాటరీ నిండినదని నిర్ధారించుకోరాదు.

చిన్న కార్లలో 35 ఆంపియర్ అవర్ సామర్థ్యం గల బ్యాటరీ సర్వసాధారణం. ఒక డాష్ కెమెరా సుమారు 5 వాట్ల విద్యుత్ వాడుతుందనుకుంటే బ్యాటరీ నుంచి గంటకు దాదాపు 0.4 ఆంపియర్ అవర్ ఖర్చవుతుంది. పది గంటల రాత్రికి 4, ఇరవైనాలుగు గంటలకు దాదాపు 10 ఆంపియర్ అవర్ తరిగిపోతుంది. కారులోని గడియారం, తాళాల వ్యవస్థ, కంప్యూటర్ వంటివి కూడా నిరంతరం 0.02 నుంచి 0.05 ఆంపియర్ల వరకు తీసుకుంటూనే ఉంటాయి. ఈ లెక్కన కొత్త బ్యాటరీ అయినా 40 గంటలలో సగానికి దిగిపోతుంది. ముందు, వెనుక రెండు కెమెరాలు ఉన్నట్లయితే ఆ వ్యవధి 30 గంటల లోపే. మూడేళ్ళు వాడి సామర్థ్యం 25 ఆంపియర్ అవర్‌కు పడిపోయిన బ్యాటరీ ఒక కెమెరాతోనే 30 గంటలలో ఆ స్థితికి చేరుతుంది.

ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్ మోటారుకు కొద్ది సెకన్ల పాటు 100 ఆంపియర్లకు పైగా కరెంటు అవసరం. సగం ఖాళీ అయిన పాత బ్యాటరీ అంత కరెంటును ఇవ్వలేక చతికిలబడుతుంది. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచుగా సగం కన్నా కిందికి దించితే పలకలపై సల్ఫేటు పేరుకుని దాని ఆయుర్దాయం తగ్గుతుంది. గేర్లు చేత్తో మార్చే కారునైతే నలుగురు తోసి స్టార్ట్ చేయగలరు గాని, ఆటోమేటిక్ గేర్లు ఉన్న కారుకు ఆ అవకాశం కూడా లేదు.

తరిగిన నిల్వ తిరిగి నిండడానికి ప్రయాణం కావాలి. ప్రతిరోజూ ఇంటి నుంచి కార్యాలయానికి పది, పదిహేను నిమిషాలు మాత్రమే నడిచే వాహనంలో రాత్రి ఖర్చయినది పగలు పూర్తిగా భర్తీ కాదు. ప్రతి రోజూ కొద్ది కొద్దిగా లోటు మిగిలి, వారం పది రోజులకు ఒక ఉదయం వాహనం మొరాయిస్తుంది. కారణం నిన్నటి రాత్రిలో వెదికితే దొరకదు.

సరఫరాకు గల మార్గాలు

మొదటిది, హార్డ్ వైర్ కిట్. వాహనం ఫ్యూజ్ బాక్స్ నుంచి కెమెరాకు శాశ్వతంగా వైరు వేసే పద్ధతి ఇది. పార్కింగ్ మోడ్‌కు పనికివచ్చే కిట్‌కు మూడు వైర్లు ఉంటాయి. ఒకటి ఎల్లవేళలా సరఫరా ఉండే ఫ్యూజుకు, రెండవది తాళం తిప్పినపుడు మాత్రమే సరఫరా వచ్చే ఫ్యూజుకు, మూడవది వాహనం ఇనుప చట్రానికి ఎర్త్‌గా కలుపుతారు. రెండవ వైరులో సరఫరా ఆగినపుడు వాహనం నిలిచినట్లు కెమెరా గ్రహించి పార్కింగ్ మోడ్‌లోకి మారుతుంది. బ్యాటరీలోని 12 వోల్టులను కెమెరాకు కావలసిన 5 వోల్టులకు తగ్గించే పరికరం, నిర్ణీత స్థాయి కన్నా వోల్టేజి పడిపోయినపుడు సరఫరాను తానే ఆపివేసే ఏర్పాటు ఈ కిట్‌లో ఉంటాయి. ఎక్కువమందికి అనువైన మార్గం ఇదే.

రెండవది, ఓ.బి.డి. సాకెట్. స్టీరింగ్ కింద మెకానిక్‌లు కంప్యూటర్ తగిలించే ఈ సాకెట్‌లో 16వ పిన్ వద్ద బ్యాటరీ సరఫరా నిరంతరం ఉంటుంది. ఫ్యూజ్ బాక్స్ విప్పకుండానే కేబుల్ తగిలించవచ్చు. సర్వీసింగ్ సమయంలో మాత్రం దానిని తొలగించవలసి ఉంటుంది. వోల్టేజి పడిపోయినపుడు ఆగిపోయే ఏర్పాటు ఉన్న కేబుల్‌నే ఎంచుకోవాలి.

మూడవది, ప్రత్యేక బ్యాటరీ ప్యాక్. సీటు కింద అమర్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వాహనం నడుస్తున్నపుడు ఛార్జి అయి, నిలిపినపుడు కెమెరాను తానే పోషిస్తుంది. వాహనం బ్యాటరీపై భారం పడదు. దాదాపు 80 వాట్ అవర్ సామర్థ్యం గల ప్యాక్ 5 వాట్ల కెమెరాను సుమారు 16 గంటలు నడుపుతుంది. ధర ఎక్కువైనప్పటికీ, వాహనం ఏ క్షణంలోనైనా కదలవలసిన అత్యవసర సేవలకు ఈ పద్ధతి శ్రేయస్కరం.

నాలుగవది, ఫోన్లకు వాడే పవర్ బ్యాంక్. ఇది పైకి చౌకగా కనిపించినా సిఫారసు చేయదగినది కాదు. తక్కువ కరెంటు తీసుకునే పరికరం తగిలించినపుడు అనేక పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. ఎండలో మూసి ఉంచిన కారులో లిథియం అయాన్ పవర్ బ్యాంక్‌ను వదిలివేయడం అగ్ని ప్రమాదానికి కూడా దారితీయగలదు.

వోల్టేజి కోత స్థాయి

హార్డ్ వైర్ కిట్‌లలో సరఫరా ఆగిపోవలసిన స్థాయిని యజమాని ఎంచుకునే వీలుంటుంది. 11.8, 12.0, 12.2, 12.4 వోల్టుల వంటి మెట్లు వీటిలో కనిపిస్తాయి. ఎక్కువసేపు రికార్డింగ్ జరగాలన్న ఆశతో అతి తక్కువ స్థాయిని ఎంచుకోవడమే బ్యాటరీలు దిగిపోవడానికి ఒక ముఖ్య కారణం. 11.8 వోల్టుల వద్ద ఆగే కిట్, బ్యాటరీ దాదాపు ఖాళీ అయిన తరువాత ఆగినట్లే లెక్క. బ్యాటరీ కొత్తదై, ప్రతిరోజూ దూర ప్రయాణం ఉన్నవారు 12.2 వోల్టులు, బ్యాటరీ పాతబడినవారు, తక్కువ దూరం తిరిగేవారు 12.4 వోల్టులు ఎంచుకోవడం క్షేమకరం. వైరు పొడవు వల్ల కిట్ చదివే వోల్టేజి అసలు కన్నా కొంత తక్కువగా ఉండే అవకాశం ఉన్నందున, అమర్చిన తరువాత ఒకసారి మీటరుతో బ్యాటరీ వద్ద సరిచూసుకోవాలి. కొన్ని కెమెరాలలో గంటల పరిమితి కూడా విధించవచ్చు. రాత్రికి పది గంటలు చాలుననుకున్న వారు వోల్టేజి కోతతో పాటు ఆ పరిమితిని కూడా పెట్టుకుంటే రెండు విధాలా రక్షణ లభిస్తుంది.

పార్కింగ్ మోడ్‌లలో రకాలు

నిరంతరం రికార్డు చేసే పద్ధతిలో ఖర్చు అత్యధికం. కదలిక కనిపించినపుడు రికార్డు చేసే పద్ధతిలో కెమెరా మేల్కొనే ఉంటుంది గనుక విద్యుత్ ఆదా అంతగా ఉండదు. కార్డులో మాత్రం చోటు మిగులుతుంది. సెకనుకు ఒకటి చొప్పున చిత్రాలు తీసే టైమ్ లాప్స్ పద్ధతిలో చాలా గంటల దృశ్యం తక్కువ చోటులో ఇముడుతుంది. కాని వేగంగా దూసుకుపోయే వాహనం నంబరు రెండు చిత్రాల మధ్య జారిపోవచ్చు. దెబ్బ తగిలినపుడు మాత్రమే మేల్కొనే పద్ధతి అతి తక్కువ విద్యుత్‌తో రోజుల తరబడి కాపలా కాస్తుంది. అయితే మేల్కొనడానికి పట్టే సెకను వ్యవధిలో ఢీకొన్న క్షణం నమోదు కాకపోవచ్చు. వీధి పక్కన ఒక రాత్రి నిలిపేవారు కదలిక పద్ధతిని, శంషాబాద్, గన్నవరం విమానాశ్రయాల వంటి చోట్ల నాలుగైదు రోజులు వదిలి వెళ్ళేవారు దెబ్బ తగిలినపుడు మేల్కొనే పద్ధతిని ఎంచుకోవడం సమంజసం.

అమరికలో జాగ్రత్తలు

కెమెరా వైరును ఎయిర్ బ్యాగ్, బ్రేకులు, ఇంజిన్ కంప్యూటర్‌లకు సంబంధించిన ఫ్యూజులకు ఎట్టి పరిస్థితుల్లోనూ కలుపరాదు. రేడియో, లోపలి దీపం, సాకెట్ వంటి ప్రాణావసరం కాని వాటి ఫ్యూజులనే ఎంచుకోవాలి. ఉన్న వైరును కోసి అతికించడానికి బదులు, అదే సైజు గల ఫ్యూజ్ ట్యాప్‌ను వాడాలి. కెమెరా వైరుకు విడిగా చిన్న ఫ్యూజు ఉండి తీరాలి. ఫ్యూజు లేని వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగిలితే మంటలు లేవవచ్చు.

ఎర్త్ వైరును రంగు లేని ఇనుప బోల్టుకు బిగించాలి. సిగ్నల్ వద్ద ఇంజిన్ తనంతట ఆగి మళ్ళీ నడిచే రకం కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌పై కరెంటును కొలిచే సెన్సర్ ఉంటుంది. అటువంటి వాహనాలలో ఎర్త్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కు కలిపితే కెమెరా వాడే విద్యుత్ వాహన కంప్యూటర్ లెక్కలోకి రాదు. కనుక చట్రానికే కలుపాలి. ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్ బ్యాగ్ ఉన్నపుడు వైరు దాని వెనుకగా పోవాలి గాని అడ్డంగా పోరాదు. ఈ పనిని అనుభవం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించడం, వారంటీ ఉన్న వాహనమైతే ముందుగా డీలరును సంప్రదించడం మంచిది.

ఎండ వేడిమి

రామగుండం, ఖమ్మం, రెంటచింతల వంటి ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది. అటువంటి ఎండలో మూసి ఉంచిన కారు లోపల, ముఖ్యంగా అద్దం వెనుక, వేడి 60 డిగ్రీలను మించుతుంది. ఆ వేడికి లిథియం బ్యాటరీ గల కెమెరాలు ఉబ్బి చెడిపోతాయి. మన వాతావరణానికి సూపర్ కెపాసిటర్ గల కెమెరాలే మేలు. మెమరీ కార్డు కూడా నిరంతర రికార్డింగ్‌కు ఉద్దేశించిన హై ఎండ్యూరెన్స్ రకానిదై ఉండాలి. వీలైనంత వరకు నీడలో నిలపాలి.

విద్యుత్ కార్లు, భారీ వాహనాలు

విద్యుత్ కార్లలో చక్రాలను తిప్పే పెద్ద బ్యాటరీతో పాటు దీపాలు, తాళాలు, కంప్యూటర్‌ల కోసం 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా సాధారణంగా ఉంటుంది. డాష్ కెమెరాను దీనికే కలుపుతారు. ఇది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. నారింజ రంగు తొడుగు గల వైర్లలో ప్రాణాపాయకరమైన అధిక వోల్టేజి ఉంటుంది కనుక వాటి జోలికి పోరాదు. లారీలు, బస్సులలో రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు వాడుతారు. ఆ వాహనాలకు 24 వోల్టులు తట్టుకోగల కిట్‌నే కొనాలి. కోత స్థాయిని కారు విలువకు రెట్టింపుగా, అనగా 12.2కు బదులు 24.4 వోల్టులుగా లెక్కించుకోవాలి.

దృశ్యం దొరికిన తరువాత

కార్డు నిండినపుడు కెమెరా పాత దృశ్యాలను చెరిపి కొత్తవి రాస్తుంది. సాధారణ ఫుల్ హెచ్.డి. నాణ్యతలో 64 జి.బి. కార్డు సుమారు 8 నుంచి 10 గంటల దృశ్యాన్ని మాత్రమే దాచగలదు. కావున సంఘటన గురించి తెలిసిన వెంటనే కార్డును తీసి భద్రపరచాలి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేసి పోలీసులకు తెలియజేయాలి. దృశ్యాన్ని కత్తిరించడం, పేరు మార్చడం, వాట్సాప్‌లో పంపి అదే అసలు ప్రతి అనుకోవడం తగదు.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా స్వీకరించే విధానాన్ని నిర్దేశిస్తున్నది. దృశ్యం ప్రతితో పాటు పరికరం బాధ్యుడు, నిపుణుడు సంతకం చేసిన ధ్రువపత్రాన్ని సమర్పించాలి. ఫైలుకు వేలిముద్ర వంటిదైన హాష్ విలువను అందులో పేర్కొనాలి. కెమెరాలో తేదీ, సమయం సరిగా లేనట్లయితే ఎంత స్పష్టమైన దృశ్యమైనా వాదనకు తావిస్తుంది. కనుక నెలకొకసారి గడియారాన్ని సరిచూడాలి. పొరుగువారి ఇంటి గుమ్మం వైపు కెమెరాను తిప్పి ఉంచడం, దృశ్యాలను సామాజిక మాధ్యమాలలో ప్రచారం చేయడం వంటివి మానుకోవాలి.

కార్యాలయ వాహనాల విషయంలో

ప్రభుత్వ వాహనాలకు, అద్దె వాహనాలకు కెమెరాలు అమర్చే సందర్భంలో కొనుగోలు నిబంధనలలోనే కొన్ని అంశాలను చేర్చడం ఉపయుక్తం. వోల్టేజి కోత గల మూడు వైర్ల కిట్, సూపర్ కెపాసిటర్, హై ఎండ్యూరెన్స్ కార్డు, విడి ఫ్యూజు తప్పనిసరి చేయవచ్చు. కెమెరా అమర్చిన తేదీ, ఎంచుకున్న కోత స్థాయి, బ్యాటరీ కొన్న తేదీ వాహన లాగ్ పుస్తకంలో నమోదు చేస్తే, ఉదయం వాహనం కదలనపుడు కారణం వెదకడం సులువవుతుంది. సెలవు దినాలలో వారం రోజులు నిలిపి ఉంచే వాహనాలకు పార్కింగ్ మోడ్‌ను నిలిపివేయడమో, మధ్యలో ఒకసారి అరగంటకు పైగా నడపడమో చేయవలసిందిగా డ్రైవర్లకు సూచించాలి.

డాష్ కెమెరా కొనడంతో యజమాని బాధ్యత తీరిపోదు. అది ఏ ఫ్యూజు నుంచి ఎంత విద్యుత్ తీసుకుంటున్నది, ఎప్పుడు ఆగుతుంది అన్న రెండు ప్రశ్నలకు సమాధానం తెలిసి ఉండాలి. అమర్చిన తొలి వారంలోనే ఒక రాత్రి కెమెరాను పార్కింగ్ మోడ్‌లో ఉంచి, తెల్లవారిన తరువాత బ్యాటరీ వోల్టేజిని, కార్డులోని చివరి దృశ్యం సమయాన్ని చూసుకుంటే సమాధానాలు రెండూ దొరుకుతాయి. ఆ చిన్న పరీక్షకు పట్టేది పది నిమిషాలు. సాక్ష్యం కావలసిన రోజున, వాహనం కదలవలసిన రాత్రిన అక్కరకు వచ్చేది ఆ పది నిమిషాల ముందుచూపేనని వాహన యజమానులందరూ గుర్తించవలసిన అవసరం ఎంతైనా ఉంది.